ఇంట్లో పుట్టినరోజు కేక్: వెన్నతోనా, నూనెతోనా, మిక్స్ ప్యాకెట్‌తోనా?

ఏది మేలో ముందే చెప్పేస్తాను. పుట్టినరోజుకి ఇంట్లో చేసే కేక్ అయితే నూనెతో చేసిందే మేలు. రుచి ఒక్కటే చూస్తే వెన్న కేక్ గెలుస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ పుట్టినరోజు కేక్‌ని ఎవరూ ఓవెన్ పక్కన నిలబడి వేడివేడిగా తినరు కదా. ముందురోజు చేసి, చల్లార్చి, క్రీమ్ పూసి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అందరూ వచ్చాక, ఫోటోలయ్యాక, కొవ్వొత్తులు ఆర్పాక అప్పుడు కోస్తారు. ఆ వేళకి ఏ కేక్ మెత్తగా ఉంటుంది, చేసిన మనిషి ఎంత ఓపికతో మిగులుతుంది, ఈ రెండూ చూసే నేను ఈ మాట అంటున్నాను.

వెన్న కేక్ ఫ్రిజ్‌లోంచి తీయగానే గట్టిగా తగిలితే చాలామంది పాడైపోయిందనుకుంటారు, లేదా ఎక్కువ కాలిపోయిందనుకుంటారు. నిజానికి అందులో తప్పేం లేదు. వెన్నలో 80 శాతం దాకా కొవ్వే, చల్లదనానికి ఆ కొవ్వు గడ్డకడుతుంది, దాంతోపాటు కేకూ బిగుసుకుంటుంది. పొద్దుతిరుగుడు నూనె లాంటివి ఫ్రిజ్‌లో కూడా ద్రవంగానే ఉంటాయి కాబట్టి ఆ కేక్ చల్లగా ఉన్నా నోట్లో మెత్తగానే ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పిండిలోని స్టార్చ్ ఒకసారి ఉడికాక మళ్ళీ నెమ్మదిగా గట్టిపడటం మొదలుపెడుతుంది, ఫ్రిజ్ చల్లదనంలో ఆ పని బయటకన్నా వేగంగా జరుగుతుంది, అదే డీప్ ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. అందుకే రెండు మూడు రోజుల ముందే కేక్ చేసుకోవాలనుకునేవాళ్ళు క్రీమ్ పూయకుండా, గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయడం నయం. పైగా గడ్డకట్టిన కేక్ మీద క్రీమ్ పూయడం తేలిక, పొడి రాలి క్రీమ్‌లో కలవదు.

ఇక వెన్న కేక్ కష్టం గురించి. అందులో మెత్తదనం అంతా మొదటి అయిదు నిమిషాల్లోనే తేలిపోతుంది. చక్కెర గింజల అంచులు వెన్నను గీరుతూ అందులోకి గాలి బుడగల్ని తీసుకెళ్తాయి, తర్వాత బేకింగ్ పౌడర్ చేసేదల్లా ఆ బుడగల్ని పెద్దవి చేయడమే. వెన్న మరీ చల్లగా ఉంటే గాలి పట్టదు, కరిగిపోతే ఉన్న గాలి కూడా నిలవదు. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి జిడ్డు అంటకూడదు. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే వేస్తే మిశ్రమం విరిగినట్టవుతుంది. ఇవన్నీ ఒక ప్రశాంతమైన ఆదివారం మధ్యాహ్నం హాయిగా చేసుకోవచ్చు. పుట్టినరోజు ముందురోజు సాయంత్రం, ఒకపక్క వంట, ఇంకోపక్క ఇల్లు సర్దడం, పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతుంటే మాత్రం టెన్షనే.

నూనె కేక్‌కి ఈ గొడవ లేదు. పొడివన్నీ ఒక గిన్నెలో, తడివన్నీ ఒక గిన్నెలో, రెండూ కలిపేయడమే. 250 గ్రాముల మైదా, 250 గ్రాముల చక్కెర, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు ఒకవైపు, 3 గుడ్లు, 180 మిల్లీలీటర్ల నూనె, అంతే పాలు, కాస్త వెనిల్లా ఇంకోవైపు. 20 సెంటీమీటర్ల టిన్నులు రెండింటిలో సమంగా పోసి 180 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. టూత్‌పిక్ గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. నూనె పిండి రేణువుల చుట్టూ బాగా పడుతుంది కాబట్టి పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ సాగడం తగ్గుతుంది, కేక్ మెత్తగా వస్తుంది. అలాగని ఎంతసేపైనా కలపొచ్చని కాదు, పొడి పిండి కనబడకుండా పోగానే చెయ్యి ఆపేయాలి.

నూనె కేక్ అంటే ఏదో ఖర్చు తగ్గించుకోవడానికి చేసే రెండో రకం అని అనుకునేవాళ్ళకి షిఫాన్ కేక్ సంగతి చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లో ఇన్సూరెన్స్ అమ్మే హ్యారీ బేకర్ 1927లో వెన్నకి బదులు నూనె, విడిగా గిలక్కొట్టిన తెల్లసొన వాడి ఆ కేక్ తయారుచేశాడు. ఆ రహస్యం ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు, 1947లో జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు, ఆ మరుసటి ఏడు అది బయటికొచ్చింది. అందులో రహస్యమల్లా నూనే.

పొడివన్నీ ముందే కలిపి అమ్మే మిక్స్ ప్యాకెట్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. మొదటిసారి ఓవెన్ ముట్టుకుంటున్నవాళ్ళకి, ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి ఇంటికి చేరి మర్నాడు పొద్దున్నకి కేక్ కావాలనుకునేవాళ్ళకి అది మంచి తోడు. చాలా ప్యాకెట్లలో ఎమల్సిఫయర్లు ఉంటాయి, అవి నీటినీ కొవ్వునీ కలిపి పట్టుకుంటాయి, అందుకే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా కేక్ నిలబడుతుంది. మిక్స్‌లో గుడ్డు మనమే కొట్టి వేసుకోవడం గురించి ఒక కథ బాగా తిరుగుతుంది, గుడ్డు వేస్తే గృహిణులకి తామే చేశామన్న తృప్తి ఉంటుందని 1950ల్లో ఒక మనస్తత్వ నిపుణుడు సలహా ఇస్తే కంపెనీలు గుడ్డుపొడి తీసేశాయని. కానీ అమెరికాలో పీ డఫ్ అండ్ సన్స్ వాళ్ళు 1930ల్లోనే తాజా గుడ్డు వేసుకునే మిక్స్ గురించి ఆలోచించి పేటెంట్ తీసుకున్నారు. తాజా గుడ్డుతో కేక్ నిజంగానే బాగుంటుంది మరి.

మిక్స్‌తో నా ఇబ్బంది వేరే. తీపి తగ్గించుకోలేం, మైదా మార్చుకోలేం, ఆ వెనిల్లా వాసన ఎవరింట్లో చేసినా ఒకటే. ఇంటి వంట జ్ఞాపకం అంటే అసలు వాసనే కదా. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే భాగం మీదుగా వెళ్తాయి, వాసన మాత్రం దాని కోసం ఆగకుండా జ్ఞాపకాలు, భావాలు చూసుకునే భాగాలకి చాలా దగ్గర దారిలో చేరుతుంది. అందుకే ఎక్కడో కేక్ కాలుతున్న వాసన వస్తే మనిషి పేరు గుర్తొచ్చేలోపే ఆ వంటగది గుర్తొస్తుంది. ఆ వంటగది మన ఇంటిదై ఉండాలంటే వాసనలో మనది ఏదో ఒకటి ఉండాలి. నిమ్మతొక్క తురుము గానీ, కాస్త ఏలకుల పొడి గానీ, చక్కెరని ఎర్రగా కాల్చి పోయడం గానీ, ఏదైనా సరే, కానీ ఏటా అదే. మిక్స్ వాడినా ఆ ఒక్కటీ కలిపితే చాలావరకు సరిపోతుంది, అంతవరకు నేను రాజీ పడతాను.

మా ఇంట్లో కేక్ జ్ఞాపకం అంటే కోసేసిన పైముక్క. టిన్ అంచుల దగ్గర పిండి ముందు ఉడికి గట్టిపడిపోతుంది, మధ్యలో ఇంకా పొంగుతూనే ఉంటుంది, అందుకే కేక్ నడుమ బొడిపె కడుతుంది. క్రీమ్ పూయాలంటే దాన్ని కత్తితో సమంగా కోసేయాలి. ఆ వెచ్చటి ముక్క అమ్మ ఎప్పుడూ పుట్టినరోజు ఉన్నవాళ్ళకి ఇచ్చేది కాదు, మిగతావాళ్ళకే ఇచ్చేది. మర్నాడు మొదటి ముక్క ఎలాగూ వాళ్ళదే కదా, మరి వీళ్ళకో అనేది. ఆ ముక్క కోసం మేం ఓవెన్ ముందు కాపలా కాసేవాళ్ళం, అదీ ఎవరి పుట్టినరోజైనా మిగతావాళ్ళు అలగకుండా గడిచిపోవడానికి కారణం. ఇప్పుడు టిన్ చుట్టూ తడిగుడ్డ పట్టీ కట్టి, 160 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాల్చి, కేక్ బల్లపరుపుగా తెచ్చుకునే చిట్కాలున్నాయి. అవి పనిచేస్తాయి కూడా. పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దంటాను, ఆ బొడిపె రానివ్వండి.

పిల్లలంటే గుర్తొచ్చింది, పిండి గిన్నె నాకనివ్వడమా వద్దా అన్నది ప్రతి ఇంట్లో ఉన్న తగాదానే. చాలామంది పచ్చి గుడ్డు గురించే భయపడతారు, కానీ పచ్చి మైదా కూడా వేయించింది కాదు, ఉడికింది కాదు, అందులోనూ హానిచేసే బాక్టీరియా ఉండొచ్చు. కాబట్టి గుడ్డు లేని పిండైనా పచ్చిది వద్దు. క్రీమ్ గిలక్కొట్టిన గిన్నె, బీటర్ పుల్లలు ఇవ్వండి, వాళ్ళకి సంబరం అంతే ఉంటుంది.

క్రీమ్ విషయంలో నాది సూటి మాట. నూనె కేక్‌కి విప్పింగ్ క్రీమే జోడీ, రెండూ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా కోసుకోవచ్చు. కొవ్వు 35 శాతం దాకా ఉన్న క్రీమ్ తీసుకోండి, గిన్నె కూడా చల్లబరచండి. వెన్నా పొడి చక్కెరా కలిపిన బటర్‌క్రీమ్ పువ్వులు వేయడానికి చక్కగా నిలబడుతుంది గానీ ఎండల్లో 32 డిగ్రీలు దాటితే జారిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే రాయైపోతుంది. చాక్లెట్ ఇష్టమైతే గనాష్ చేయండి, అంటే వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించింది. పోయడానికి చాక్లెట్, క్రీమ్ సమానంగా, పూయడానికి చాక్లెట్ రెండింతలు.

గుడ్డు తినని ఇళ్ళకి వెన్నా నూనా అన్న ప్రశ్నే లేదు, నూనే. గుడ్డూ పాలూ దొరకని కరువు రోజుల్లో అమెరికా ఇళ్ళల్లో పుట్టిన చాక్లెట్ కేక్ ఒకటుంది. 190 గ్రాముల మైదా, 200 గ్రాముల చక్కెర, 25 గ్రాముల కోకో, ఒక టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ ఉప్పు, 80 మిల్లీలీటర్ల నూనె, ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్, 240 మిల్లీలీటర్ల నీళ్ళు. వెనిగర్, సోడా కలవగానే గ్యాస్ పుడుతుంది, గుడ్డు చేయాల్సిన పనిలో సగం అదే చేస్తుంది. కలిపిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్ళాలి, ఆలస్యం చేస్తే గ్యాస్ పోతుంది. అసలు బేకింగ్ పౌడర్ కూడా ఇలాంటి ఇంటి అవసరంలోంచే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన నిపుణుడి భార్యకి ఈస్ట్ పడదు, గుడ్డూ పడదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. ప్రపంచమంతా వాడే పొడి వెనక ఒక భర్త తన ఇంటి భోజనాల బల్ల గురించి పడ్డ ఆరాటం ఉందని తెలిసినప్పటి నుంచి ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇంకో పోలిక మిగిలింది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. పెద్దవాళ్ళ వంటని రాసి పెట్టుకోవాలా, పక్కన నిలబడి నేర్చుకోవాలా? పక్కన నిలబడటమే మేలంటాను, కానీ చేతిలో తూకం మిషన్‌తో. కప్పు మైదా అని అమ్మ చెప్పేది తేలిగ్గా నింపితే 120 గ్రాములు, కుక్కి నింపితే 150 దాకా పోతుంది, అంత తేడాకి కేక్ మొత్తం మారిపోతుంది. ఆవిడని కప్పు ఎలా నింపుతావని అడిగితే చెప్పలేదు, చెయ్యికి తెలుసు గానీ నోటికి తెలియదు. గిన్నెని తూకం మీద పెట్టేసి ఆవిడ అలవాటుగా వేసుకుంటూ పోతుంటే మీరు అంకెలు రాసుకోండి. టిన్ను అడ్డం కూడా కొలవండి, 15 సెంటీమీటర్ల టిన్నుకి సరిపోయే పిండికి 20 సెంటీమీటర్ల టిన్నులో చోటు 1.8 రెట్లు దాకా ఉంటుంది, అందులో పోస్తే కేక్ పల్చగా వచ్చి ఎండిపోతుంది. ఓవెన్‌లో ఏ అరలో పెడుతుంది, మధ్యలో తలుపు తీస్తుందా, చల్లారాక తీస్తుందా వేడి మీదే తిరగేస్తుందా, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. ఫోన్‌లో వీడియో తీయండి, ఆవిడ మాటలతో సహా. వీలైతే ఈ ఏడే తీయండి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు.

ఒకవేళ అలా రాసుకున్నాక చూస్తే మీ ఇంటిది వెన్న కేక్ అనుకోండి, నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి అదే చేయండి, చిన్నప్పటి నుంచి తిన్న రుచిని సౌకర్యం కోసం మార్చొద్దు. వెన్నని గంట ముందు బయట పెట్టుకోండి, గుడ్లు కూడా. పైన విప్పింగ్ క్రీమ్ లేకపోతే కోయడానికి రెండు గంటల ముందే కేక్‌ని ఫ్రిజ్‌లోంచి తీసేయండి.