రోజూ ఆఫీసుకు, సెలవుల్లో మన్యానికి: హీరో ఎక్స్‌పల్స్ 200తో నాలుగేళ్ల అనుభవం

మొదటి మోటార్‌సైకిల్ కొనబోయేవారు సాధారణంగా ముందు సీసీలు అడుగుతారు, తరువాత మైలేజీ అడుగుతారు. వాటికంటే ముందు తేల్చుకోవలసినవి బండి బరువు, సీటు ఎత్తు, మనం వెళ్లే దారుల్లో అన్నిటికంటే పాడైన దారి ఎలా ఉంటుందన్నది. హీరో ఎక్స్‌పల్స్ 200 నాలుగు వాల్వుల మోడల్‌ను నాలుగేళ్లకు పైగా వాడి, 40 వేల కిలోమీటర్లు దాటిన తరువాత ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను. పనిదినాల్లో విశాఖపట్నంలోని పెందుర్తి నుంచి గోపాలపట్నం, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా మద్దిలపాలెం వరకు ఆఫీసు ప్రయాణం, వీలు చిక్కిన సెలవుల్లో అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి వైపు కొండదారులు. ఈ రెండు పనులకూ ఒకే బండి సరిపోవాలన్నది నా అవసరం.

కొనే ముందు ఎక్కువగా ఊగిసలాడింది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ దగ్గర. అప్పటి హిమాలయన్ 411 సీసీల బండి, 32 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ చక్రాన్ని తిప్పే బలం), పైగా సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే కనుక కాళ్లు బాగా అందుతాయి. అయితే దాని బరువు 199 కిలోలు, ఎక్స్‌పల్స్ బరువు 158 కిలోలు. నలభై కిలోల తేడా అంటే పాతిక కిలోల బియ్యం బస్తా మీద ఇంకో సగం బస్తా పెట్టి మోయడమే. బండి పరుగులో ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు. అపార్ట్‌మెంటు కింద ఇరుకు పార్కింగులో వెనక్కి లాగేటప్పుడు, ఏటవాలు మట్టిదారిలో ఆగిపోయి వెనక్కి తిప్పుకోవలసి వచ్చినప్పుడు, గులకరాళ్ల మీద జారి పడ్డ బండిని చుట్టుపక్కల మనిషి లేని చోట ఒక్కరే లేపవలసి వచ్చినప్పుడు అది ఒంటికి తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారి బండి పడిపోయేది కూడా ఎక్కువగా నిలబడినప్పుడో, నడక వేగంలో తిప్పేటప్పుడో కనుక, మొదటి బండి తేలికగా ఉండడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సుగుణం.

సీటు ఎత్తు మాత్రం నిజమైన అడ్డంకి. ఐదడుగుల ఆరంగుళాల ఎత్తున్న నాకు 825 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లే నేలకు ఆనతాయి. సిగ్నల్ దగ్గర నడుమును కొద్దిగా ఎడమకు జరిపి, ఎడమ పాదాన్ని పూర్తిగా నేల మీద మోపి, కుడి కాలిని వెనక బ్రేకు మీదే ఉంచడం అలవాటు చేసుకున్నాక ఇబ్బంది తగ్గింది. అయినా రోడ్డు అంచున ఆపితే ఎడమ పక్క నేల మరింత పల్లంగా ఉంటుంది కాబట్టి, ఆగే చోటు ముందే చూసుకోవాలి. మా అమ్మ చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటారు. ఆవిడ ఎక్కాలంటే అరుగో మెట్టో ఉన్న చోటికి బండి తీసుకువెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లను తరచుగా గుడికో ఆసుపత్రికో ఎక్కించుకు వెళ్లవలసినవారు ఈ ఎత్తును తేలికగా తీసుకోకూడదు. షోరూంలో స్టాండు మీద ఉన్న బండి ఎక్కి చూస్తే సరిపోదు, వెనక ఇంటి మనిషిని కూర్చోబెట్టుకుని టెస్ట్ రైడ్ చేయాలి.

నగరంలో ఈ బండి నేను ఊహించినదానికంటే బాగా నడిచింది. 199.6 సీసీల ఇంజిన్ 8,500 ఆర్‌పీఎం దగ్గర 19.1 పీఎస్ శక్తి ఇస్తుందని కాగితం మీద ఉంటుంది కానీ, రద్దీలో మనకు కావలసింది ఆ అంకె కాదు. మూడో గేరులో ముప్పై కిలోమీటర్ల వేగం నుంచి దడదడ లేకుండా అందుకోవడం, క్లచ్ తేలికగా ఉండడం, ఎత్తుగా కూర్చోవడం వల్ల ముందున్న ఆటో మీదుగా దారి కనిపించడం రోజూ పనికొచ్చే గుణాలు. హ్యాండిల్ వెడల్పు ఎక్కువ, అద్దాలు కార్ల అద్దాల ఎత్తుకే వస్తాయి, అందువల్ల సందుల్లో దూరడానికి చిన్న బండ్లంత వీలుగా ఉండదు. వానల తరువాత గుంతలు పడ్డ రోడ్ల మీద మాత్రం 21 అంగుళాల ముందు చక్రం, ముందు వైపు 190 మిల్లీమీటర్ల వరకు కుంగే షాకులు (షాక్ అబ్జార్బర్లు) చేసే మేలు చెప్పలేనిది. సాయంత్రం ఇంటికి చేరాక నడుము నొప్పి లేకపోవడానికి నేను ఇచ్చే మొదటి కారణం ఇదే. మైలేజీ నగరంలో లీటరుకు 36 నుంచి 38, నిదానంగా నడిపే కొండదారుల్లో 40కి కాస్త పైన వస్తోంది. ట్యాంకు 13 లీటర్లది కాబట్టి, పాడేరు దాటాక పెట్రోలు బంకులు దూరందూరంగా ఉన్నా దిగులు పడవలసిన పని లేదు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఈ ఇంజిన్‌కు రెండు, మూడు గేర్లే సరిపోతాయి. ఎక్కడం కంటే దిగడమే బండిని పరీక్షిస్తుంది. దిగేటప్పుడు ఇంజిన్ పట్టు ఉండేలా రెండో గేరులో ఉంచి, మలుపులోకి రాకముందే బ్రేకు పని ముగించి, మలుపు మధ్యలో ముందు బ్రేకు ముట్టకుండా నడపాలి. ఇందులో ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. తడిసిన తారు రోడ్డు మీద వెనక బ్రేకు గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగుసుకుని జారవచ్చు కనుక, కొత్తవారు ఖాళీ స్థలంలో ఆ జారుడు ఎలా ఉంటుందో మెల్లగా తెలుసుకున్నాకే కొండలకు వెళ్లాలి. గులకరాళ్ల దారిలో దిగేటప్పుడు మాత్రం వెనక ఏబీఎస్ లేకపోవడమే నాకు మేలుగా అనిపించింది, చక్రం కాస్త బిగుసుకుని రాళ్లను తవ్వుకుంటూ వేగం తగ్గిస్తుంది. తారు లేచిపోయి కంకర తేలిన చోట, వాగు దాటిన చోట 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉండడంతో ఇంజిన్ అడుగు రాళ్లకు తగులుతుందన్న బెంగ ఉండదు. అలాంటి చోట ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని నడిపితే బండి తన దారి తానే చూసుకుంటుంది. మన్యం దారుల మీద మక్కువ ఉన్నవారికి ఈ ధరలో ఇంతకంటే నమ్మకమైన తోడు నాకు కనిపించలేదు.

స్పోకుల చక్రాలు కనుక టైర్లలో ట్యూబులుంటాయి. దీని అర్థం కొనే ముందే బాగా తెలుసుకోవాలి. పాడేరుకూ జి.మాడుగులకూ మధ్య వెనక టైరులో మేకు దిగినప్పుడు, ట్యూబ్‌లెస్ టైరైతే పది నిమిషాల్లో ముగిసే పని గంట దాటింది. ఈ బండికి సెంటర్ స్టాండ్ ఉండదు. చక్రం నేల మీద ఉండగానే ఇరుసు నట్టు వదులు చేసి, ఆ తరువాత సైడ్ స్టాండ్ ఒక పక్క, బలమైన కర్ర ఇంకో పక్క ఆనించి వెనక చక్రాన్ని లేపాలి. చక్రాన్ని ముందుకు తోసి చైన్ తప్పించి, ఇరుసు లాగి, గాలి పూర్తిగా తీసి, టైరు అంచును కాలితో తొక్కి రిమ్ నుంచి విడదీయాలి. టైర్ లివరు (టైరు విప్పే ఇనుప పట్టీ) వేసేటప్పుడు ఎదురు వైపు అంచును రిమ్ మధ్య పల్లంలోకి నొక్కి ఉంచితేనే ఈ వైపు వదులు దొరుకుతుంది. ఆ కిటుకు తెలియకపోతే ఎంత బలం వాడినా టైరు కదలదు. కొత్త ట్యూబు పెట్టే ముందు టైరు లోపలంతా వేళ్లతో జాగ్రత్తగా తడిమి మేకు ముక్క మిగిలిందేమో చూడాలి, ట్యూబు మడత పడకుండా కొద్దిగా గాలి కొట్టి లోపలికి దూర్చాలి. ఈ పని ఇంటి దగ్గర ఒకసారి మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకోండి. ఒకే ట్యూబు మోసుకెళ్లే వీలుంటే ముందు చక్రానిదే తీసుకెళ్లండి, అది అత్యవసరంలో 18 అంగుళాల వెనక చక్రంలో పట్టి దగ్గరి ఊరి వరకు చేరుస్తుంది.

జాతీయ రహదారి 16 మీద రాజమండ్రి వైపు వెళ్లినప్పుడు గంటకు 80 నుంచి 85 కిలోమీటర్ల వేగం హాయిగా ఉంటుంది. ఐదు గేర్ల చిన్న సింగిల్ సిలిండర్ ఇంజిన్ కనుక ఆపైన వణుకు చేతులకు తెలుస్తుంది. నెలనెలా హైదరాబాదుకు హైవే మీద పరుగు తీయాలనుకునేవారికి ఇది తగిన బండి కాదు.

నిర్వహణ ఖర్చు తక్కువే, శ్రద్ధ మాత్రం ఎక్కువ కావాలి. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి చైన్, స్పోకులు త్వరగా తుప్పు పడతాయి. 500 కిలోమీటర్లకొకసారి చైన్ తుడిచి ల్యూబ్ వేయడం, మన్యం నుంచి వచ్చిన ప్రతిసారీ స్పోకులను ఒక్కొక్కటిగా తట్టి వదులైనవి చూసుకోవడం నాకు అలవాటైంది. ఒక సర్వీసు సెంటర్‌లో చైన్‌ను మామూలు బండిలా బిగువుగా బిగించి ఇచ్చారు. వెనక షాకు 170 మిల్లీమీటర్ల వరకు కుంగే బండికి చైన్‌లో తగిన వదులు ఉండకపోతే గుంతలో పడ్డప్పుడు చైన్ మీదా బేరింగుల మీదా భారం పడుతుంది. అందుకే సర్వీసు నుంచి బండి తీసుకున్న వెంటనే మాన్యువల్‌లో చెప్పిన వదులు ఉందో లేదో చూసుకుంటాను. వెనక సామాను కట్టే ప్లేటు బండితోనే వస్తుంది, పక్క సంచులు తగిలిస్తే కుడి వైపున పైకి లేచి ఉన్న సైలెన్సర్ వేడి తగలకుండా అడ్డు పెట్టాలి.

ఇప్పుడు కొత్తగా చూసేవారి ముందు మరిన్ని దారులున్నాయి. 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌పల్స్ 210లో నీటితో చల్లబడే ఇంజిన్, ఆరు గేర్లు, 24.6 పీఎస్ శక్తి ఉన్నాయి, హైవే కూడా ముఖ్యమైతే అదే చూడాలి. ట్యూబ్‌లెస్ టైర్లు కావాలంటే సుజుకి వి-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ ఉంది, 249 సీసీల బండి అయినా 167 కిలోలే, కాకపోతే సీటు ఇంకా ఎత్తు, 835 మిల్లీమీటర్లు. కాళ్లు అందడమే మొదటి షరతు అయితే 790 మిల్లీమీటర్ల సీటున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 నయం, 181 కిలోల బరువుకు సిద్ధపడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీల వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి, ఆపై బండ్ల మీద 40 శాతానికి పెరిగింది కనుక, పెద్ద ఇంజిన్ల వైపు చూసేవారు ఆన్‌రోడ్ ధర రాయించుకున్నాకే పోల్చాలి. ఏడాదికి ఒక్కసారి అరకు వెళ్లి, మిగిలిన రోజులన్నీ నున్నటి రోడ్డు మీద ఆఫీసుకు తిరిగేవారికి హోండా యూనికార్న్ లాంటి 160 సీసీల బండి చాలు, మిగిలిన డబ్బుతో ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్, గ్లవ్స్, చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు కొనుక్కోవచ్చు. పాత ఎక్స్‌పల్స్ 200 కొనేవారు ముందు చక్రాన్ని గాలిలో తిప్పి రిమ్ వంకర చూడాలి, ముందు షాకుల గొట్టాలను గుడ్డతో తుడిచి నాలుగైదుసార్లు గట్టిగా అదిమి నూనె చెమ్మ వస్తుందేమో చూడాలి, ఇంజిన్ కింది రక్షణ పళ్లెం విప్పించి లోపలి దెబ్బలు పరిశీలించాలి.