ఓవర్‌లే మొజాయిక్ క్రోషే: కుట్లు రెండే, పేచీ అంతా అంచులతోనే

ఓవర్‌లే మొజాయిక్ అంటే కొక్కెం సూది (హుక్)తో అల్లే క్రోషేలో రెండు రంగులతో బొమ్మలు తేల్చే పద్ధతి. నేను దీన్ని మొదలుపెట్టి చాలాకాలమే అయింది. దుప్పట్లు, దిండు గలీబులు, సంచులు, గోడకు తగిలించేవి అల్లాను. అన్నీ వాడకంలో ఉన్నవే, బోలెడన్ని ఉతుకులు చూసినవే. కొత్త మోజు పూర్తిగా దిగిపోయాక రాస్తున్నాను కాబట్టి పొగడ్తతోపాటు విసుగు కూడా కొంత ఉంటుంది. ఫొటోలు చూసి "అమ్మో, ఇది నా వల్ల కాదు" అనుకునేవాళ్లకీ, అవే ఫొటోలు చూసి ఆ రాత్రే పెద్ద దుప్పటికి సరిపడా ఊలు ఆర్డర్ పెట్టేసేవాళ్లకీ కూడా ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

ముందే తేల్చి చెప్పేస్తాను. చేతికి ఈ పద్ధతి చాలా తేలిక. గొలుసు కుట్టు, సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు), డబుల్ క్రోషే (పొడుగు కుట్టు) వచ్చినవాళ్లెవరైనా ఒక్క పూటలో పట్టేయగలరు. కంటికి అలవాటు కావడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. అసలు ఓపిక తినేసేది మాత్రం అంచుల పని. దాని సంగతి వివరంగా చెబుతాను.

ఈ అల్లికలో ఒక వరసకు ఒకటే రంగు. టాపెస్ట్రీ క్రోషేలోలాగా రెండు దారాలు పట్టుకుని, ఒకదాన్ని లోపల దాచుకుంటూ కుట్టు కుట్టుకీ మార్చుకునే గొడవ ఉండదు. ఈ వరస నలుపైతే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నలుపే, తర్వాతి వరస మొత్తం తెలుపే. ప్రతి కుట్టు తల మీదా రెండు లూపులు ఉంటాయి, మన వైపుది ముందు లూప్, అవతలిది వెనక లూప్. ఎక్కువ భాగం వెనక లూప్‌లో మాత్రమే వేసే సింగిల్. అలా వేసుకుంటూ పోతే కింది వరస ముందు లూపులు ఖాళీగా, సన్నటి గీతలాగా బట్ట మీద మిగిలిపోతాయి. చార్ట్‌లో, అంటే కుట్టుకో గడి చొప్పున గీసిన గళ్ల బొమ్మలో, ఇంటూ గుర్తు వచ్చిన చోట డబుల్ క్రోషేని రెండు వరసల కింద ఖాళీగా ఉన్న ముందు లూప్‌లోకి దించుతాం. ఇప్పుడు చేతిలో ఉన్న రంగుతోనే వేసిన పాత వరస అది. ఆ డబుల్ మధ్యలో ఉన్న రెండో రంగును కప్పేసి కూర్చుంటుంది. చూసేవాళ్లు రంగులు మార్చి మార్చి అల్లామనుకుంటారు. మనం చేసిందల్లా ఒక రంగు మీద ఇంకో రంగు పొడుగు కాలు వేయడమే.

ఆ దించే పనిలో రెండు మెలకువలు ఉన్నాయి. ఊలు ఒకసారి చుట్టుకుని, హుక్ కొనని ముందు లూప్ కిందుగా దూర్చి లాగినప్పుడు, వచ్చిన లూప్‌ని ఇప్పటి వరస ఎత్తుదాకా సాగనివ్వాలి. అక్కడ పొదుపు చేస్తే ఆ కాలు పొట్టిదై కింది బట్టను గుంజుతుంది. వరసలు పెరిగేకొద్దీ ముక్క ముడతలు పడుతుంది. మరీ వదులైతే కాలు బయటికి వేలాడుతుంది. రెండోది, డబుల్ వేశాక దాని వెనకున్న కుట్టును వదిలేసి తర్వాతి కుట్టులోకి వెళ్లాలి. కొత్తవాళ్ల కుట్ల లెక్క పెరిగిపోయిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే. ఆ వెనక కుట్టు డబుల్ వెనక నక్కి ఉంటుంది, దాన్ని కూడా అల్లేస్తారు.

పదాల విషయంలో ఒక హెచ్చరిక. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ వాళ్లకు ట్రెబుల్. ఈ అల్లికలో ఉన్నవే ఆ రెండు కుట్లు కాబట్టి ప్యాటర్న్ ఏ పద్ధతిలో రాశారో చూడకుండా మొదలుపెడితే మొత్తం తారుమారు. నేను ఇక్కడ రాస్తున్నవి అమెరికా పేర్లు.

నేర్చుకోవడానికి వీడియోనా, చార్టా, రాతలో ఉన్న సూచనలా అంటే నా అభిప్రాయం గట్టిదే. మొదటి నాలుగైదు వరసలకు వీడియో చూడండి, డబుల్ ఎక్కడ దిగుతోందో కంటితో చూస్తే తప్ప తెలియదు. ఆ తర్వాత చార్ట్‌కి వచ్చేయండి. "మూడు సింగిల్, ఒక డబుల్, ఐదు సింగిల్, రెండు డబుల్" అని సాగే రాతను నమ్ముకుంటే చేతులు నడుస్తాయి గానీ బొమ్మ ఎటు పోతోందో బుర్రకెక్కదు. ఎక్కడో లెక్క తప్పితే ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెతకడానికి ఆధారమే ఉండదు. చార్ట్‌లో అయితే కళ్లముందే కనిపిస్తుంది.

చార్ట్ చదవడం కూడా మామూలు క్రోషే చార్ట్‌లకంటే సులువే. ఎందుకంటే ఇందులో ముక్కను తిప్పం. వరస అయిన చోట దారం కత్తిరించి, తర్వాతిది మళ్లీ మొదటి చివరి నుంచే మొదలుపెడతాం. ప్రతి వరసా ముందు వైపు నుంచే, కుడి నుంచి ఎడమకే. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ప్రతి వరసనూ ఎడమ నుంచి కుడికి చదువుకుంటే చాలు, బొమ్మ తిరగబడదు. గడుల రంగు చూసి చాలామంది గాభరా పడతారు. గడి ఏ రంగులో ఉన్నా సరే, ఆ వరస ఏ రంగుదో అదే దారం. ఆ సంగతి సాధారణంగా వరస మొదటి గడి చెబుతుంది. ఇక మిగిలింది ఇంటూ ఉందా లేదా అన్నదే.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన కిటుకు ఒకటుంది. ఇంటూ గుర్తు మీద, వెంటనే పై వరసలో అదే నిలువులో ఇంకో ఇంటూ రాదు. ఎందుకంటే ఆ రెండోది దిగాల్సిన కుట్టును మొదటి డబుల్ అప్పటికే కప్పేసింది. అదే ఒక వరస విడిచి మళ్లీ రావచ్చు. అప్పుడది కింది డబుల్ తల మీదకే దిగి నిలువు గీత అవుతుంది. కాబట్టి అల్లుతున్నప్పుడు ఇంతకుముందు వరసలోని డబుల్ నెత్తి మీదుగా ఇంకోటి దించాల్సి వస్తోందంటే అక్కడే ఆగిపోండి. ఒక కుట్టు అటో ఇటో జరిగారు. ఈ ఒక్క సూత్రం కంటికి పట్టుబడితే ప్రతి గడీ లెక్కపెట్టే పని తగ్గిపోతుంది. కింది బట్టే దారి చూపిస్తుంది. అదికూడా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న డిజైనుతో మొదలుపెడితేనే సాధ్యం. మొదటి ప్రయత్నంగా మధ్యలో పెద్ద నెమలి ఉన్న గోడ బొమ్మ ఎంచుకోవద్దు. ప్రతి డిజైను ఖండానికీ ఒక స్టిచ్ మార్కర్ (కుట్టుకు తగిలించే చిన్న క్లిప్పు) పెట్టుకుంటే తప్పు ఆ ఖండం దాటకముందే దొరుకుతుంది.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఇక్కడ విప్పడం మామూలు అల్లికలోలాగా హాయిగా ఉండదు. ప్రతి వరస చివరా దారం కత్తిరించేస్తాం కదా. పది వరసలు విప్పితే చేతిలోకి వచ్చేది ఒక ఉండ కాదు, పది తుంపులు. మరిచిపోయిన డబుల్ ఒకటో రెండో అయితే విప్పక్కర్లేదు. అదే రంగు దారం సూదికెక్కించి పైనుంచి ఒక కాలు కుట్టేయొచ్చు, ఎవరూ కనిపెట్టలేరు. అక్కర్లేని చోట వేసిన డబుల్‌కి మాత్రం విప్పడమే గతి.

ఇక అంచులు. నూటయాభై వరసల దుప్పటి అంటే రెండు వైపులా కలిపి 300 దారం కొసలు. ఇది డిజైను పేజీలో ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు. అవన్నీ సూదితో లోపలికి కుట్టుకుంటానని కూర్చుంటే దుప్పటి అల్లినంత సమయమూ దానికే పోతుంది. అందుకే అందరూ చేసేది డబుల్ బోర్డర్. పక్క అంచు వెంబడి ముందు వైపు నుంచి కుట్లు ఎత్తుకుని (అంచులోకే హుక్ దూర్చి కొత్త కుట్లు వేసుకుని) మూడు నాలుగు వరసలు అల్లుతాం. తర్వాత ముక్కను తిప్పి, వెనక వైపు నుంచి కూడా అన్నే కుట్లు ఎత్తుకుని అన్నే వరసలు అల్లుతాం. ఇప్పుడు కొసలన్నీ ఆ రెండు పొరల మధ్య ఉంటాయి. వాటిని బోర్డర్ వెడల్పుకంటే కొంచెం తక్కువ ఉండేలా కత్తిరించి, రెండు పొరల పై అంచులూ కలిపి సింగిల్‌తో మూసేస్తాం. ఒక కొస కూడా బయటికి కనిపించదు. కవరు అతికించినట్టు శుభ్రంగా ఉంటుంది.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు ఫలితం అంతా ఎన్ని కుట్లు ఎత్తుకున్నామన్న దాని మీద ఉంటుంది. వరసకు ఒకటి అనేది ఆరంభానికి మంచి లెక్క. ఎక్కువైతే బోర్డర్ అలలు అలలుగా పొంగుతుంది, తక్కువైతే పక్కలు లోపలికి గుంజుకుని దుప్పటి మధ్యలో బుడగలా లేస్తుంది. ఒక చేతి జానెడు దూరం ఎత్తుకుని, నేల మీద పరిచి చూసుకుని ముందుకెళ్లడం మంచిది. కొసలు మొదట్లోనే 10 సెంటీమీటర్లకు తగ్గకుండా వదలాలి. పక్కపక్క కొసలు రెండేసి ముడేసుకుంటే ఉతుకుల్లో జారిపోవు. యాక్రిలిక్ ఊలు గరుకుగా ఉంటుంది కాబట్టి ముడి లేకపోయినా నిలుస్తుంది. నున్నటి కాటన్, వెదురు దారాలను మాత్రం నేను ముడి లేకుండా నమ్మను. ఇదంతా చిరాకనుకునేవాళ్లు కొసలను కుచ్చులుగా వదిలేస్తారు. గోడ బొమ్మకి, స్కార్ఫ్‌కి అది బాగానే ఉంటుంది. రోజూ కప్పుకునే దుప్పటికి వద్దు, ఉతికినకొద్దీ చిక్కులు పడి పీచులా తయారవుతుంది.

ఎప్పుడూ ఒకే వైపు నుంచి అల్లడం వల్ల ఇంకో చిన్న తలనొప్పి ఉంది. ముక్క కొద్దిగా ఒక పక్కకు ఒరుగుతుంది. బోర్డర్ మొదలుపెట్టకముందే తడిపి, నాలుగు మూలలూ లాగి పిన్నులు పెట్టి ఆరబెడితే చాలావరకు దారికొస్తుంది. బోర్డర్ వేశాక సరిచేద్దామంటే కుదరదు.

ఊలు గురించి. గుండ్రంగా పేనిన, నున్నటి ఊలే దీనికి సరైనది. బొచ్చు ఊలులో ముందు లూప్ కనిపించదు, ఆ లూప్ కనిపించకపోతే ఈ అల్లికే లేదు. ఒక మందం ఊలుకు మీరు మామూలుగా వాడే హుక్‌కంటే అర మిల్లీమీటరు పెద్దది తీసుకోండి, బట్ట మరీ అట్టలా కాకుండా ఉంటుంది. రంగులు ఎంచుకునేటప్పుడు రెండు ఉండలు పక్కపక్కన పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత పనికిరాదు. ఎరుపు, ఆకుపచ్చ విడిగా ఎంత అందంగా ఉన్నా చాలాసార్లు ఇక్కడే ఫెయిలవుతాయి. ఎంత ఊలు పడుతుందో తెలుసుకోవాలంటే ఒక వరసకు ముందు, తర్వాత ఉండను చిన్న తూకం మీద పెట్టి చూసి, ఆ తేడాని వరసలతో గుణించండి. డబుల్స్ ఎక్కువున్న వరసను తూస్తే లెక్క భద్రంగా ఉంటుంది. మామూలు సింగిల్ అల్లికకంటే ఊలు ఎక్కువే మింగుతుంది, డబుల్ ఉన్న ప్రతిచోటా బట్ట రెండు పొరలు కదా.

ఆ రెండు పొరల వల్లే వాడకంలో లాభనష్టాలు రెండూ. సంచులకు ఇది నాకు తెలిసిన అన్ని క్రోషే పద్ధతుల్లోకి మేలైనది. బరువు వేసినా పెద్దగా సాగదు, సన్నటి వస్తువులు సందుల్లోంచి జారవు. దిండు గలీబులు ఏళ్లు వాడినా ఆకారం చెడలేదు. వెనక వైపు రెండు రంగుల అడ్డ చారలే కనిపిస్తాయి, నాకైతే అది కూడా నచ్చుతుంది. వేడి గిన్నెల కింద పెట్టే మ్యాట్‌లు కూడా బాగా వస్తాయి, కాటన్‌తో అల్లితేనే. యాక్రిలిక్ వేడికి కరుగుతుంది. ముదురు రంగు కాటన్‌ని తెలుపుతో జతచేసే ముందు చిన్న ముక్క అల్లి ఉతికి చూడడం తప్పనిసరి.

శాలువాలకు, వేసుకునే బట్టలకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఒంటి మీద వాలదు, నిలబడుతుంది. అలాంటివాటికి ఇన్‌సెట్ మొజాయిక్ ఉంది. అందులో ఒక్కో రంగుకు రెండేసి వరసలు, ముక్కను తిప్పుతూ అల్లుతాం, దారం కత్తిరించక్కర్లేదు, డిజైను కోసం గొలుసు కుట్లతో ఖాళీలు వదిలి తర్వాత వాటి ముందు డబుల్ దించుతాం. పలచగా, మెత్తగా వస్తుంది. కానీ ఒక్కో రంగు రెండు వరసలు కాబట్టి సన్నటి వివరాలు ఓవర్‌లేలో వచ్చినంత బాగా రావు. కొసల గోల అసలే పడనివాళ్లు ఇన్‌సెట్‌తోనే ఉండిపోయినా తప్పులేదు.

ఎక్కువకాలం వాడితే బయటపడే అసలు లోపం ఆ పొడుగు కాళ్లే. డబుల్ పైనా కిందా మాత్రమే పట్టుకుని ఉంటుంది, మధ్యలో బట్టకు అంటుకోదు. ఉంగరం, గాజు, గడియారం బకిల్, పిల్లి గోరు, ఏదైనా ఇట్టే తగులుకుంటుంది. తగులుకుంటే దారం తెగడం అరుదు, కాలు మాత్రం సాగి పైకి లేస్తుంది. సన్నటి హుక్‌తో పక్క కుట్లలోకి కొద్దికొద్దిగా సర్దితే మళ్లీ కూర్చుంటుంది. ఉతికేటప్పుడు దుప్పటిని లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి వల సంచిలో వేస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. ఇదే కారణంతో చంటిపిల్లల దుప్పట్లకు ఈ పద్ధతి వాడను. బరువు ఎటూ ఎక్కువే, పైగా ఆ చిన్న వేళ్లు ఈ డబుల్ కాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. ఎవరైనా పాపాయికి అల్లిపెట్టమని అడిగితే గ్రానీ స్క్వేర్లు (మామూలు చదరపు క్రోషే ముక్కలు) అల్లి ఇచ్చేస్తాను.