నలభై ఏళ్లు దాటిన టేప్ రికార్డర్, రెండు క్యాసెట్లు: ఇన్నాళ్లూ వాడి చెబుతున్నాను

1982 ఎండాకాలంలో మా బాబాయి కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద కోనసీమ వచ్చినప్పుడు ఈ టేప్ రికార్డర్ తెచ్చాడు. జపాన్ తయారీ. బల్ల మీద పడుకోబెట్టి వాడే రకం. ముందు వైపు హార్మోనియం మెట్లలా మీటలు, లోపలే చిన్న మైకు, ఒకటే స్పీకరు. కరెంటు మీదా నడుస్తుంది, నాలుగు పెద్ద బ్యాటరీల మీదా నడుస్తుంది. నాన్న తర్వాత ముప్పై ఏళ్లుగా నేనే దీన్ని చూసుకుంటున్నాను.

పాటలు వినడానికైతే దీన్ని ఎవరికీ కొనమని చెప్పను. తబలా ఉందో లేదో కూడా సరిగ్గా తెలియదు. మనిషి మాట వినడానికైతే మాత్రం ఇంతకంటే మంచి యంత్రం నా చేతికి రాలేదు. ఆ మాట అనడానికి కారణం దీనితో పాటు మిగిలిన రెండు క్యాసెట్లు.

మొదటిది సీ-60. అంటే ఒక్కో వైపు అరగంట. అందులో 1982 చివర్లో ఎన్టీఆర్ మా పక్క ఊరి సభలో మాట్లాడిన మాటలున్నాయి. ఆ ఏడాది మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకుని ఆయన రాష్ట్రమంతా తిరుగుతున్న రోజులవి. మా వైపు కువైట్ వెళ్లినవాళ్లకు ఉత్తరాలు రాయడం కంటే క్యాసెట్లో మాట్లాడి పంపడమే ఎక్కువ. 'అన్నయ్యా, రామారావుగారు మన వైపు వస్తే ఎలాగైనా రికార్డు చేసి పంపు' అని బాబాయి ఒక క్యాసెట్లో అడిగాడు. నాన్న ఈ టేప్ రికార్డర్‌ను తువ్వాలులో చుట్టి, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లాడు.

ఈ యంత్రంలో రికార్డింగ్ శబ్దం ఎంత ఉండాలో మనం పెట్టనక్కర్లేదు, అదే సర్దుకుంటుంది. చప్పుడు ఎక్కువైతే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. సంగీతానికి ఇది పెద్ద లోపం. సభకు మాత్రం వరమైంది. ఎన్టీఆర్ మాటకూ మాటకూ మధ్య ఆగుతారు కదా, ఆ ఆగిన ప్రతిసారీ యంత్రం చెవి పెద్దది చేసుకుంటుంది. దూరంగా హారన్ స్పీకర్లో మోగే గొంతు ఆగగానే, నాన్న పక్కన ఉన్న లోకం పైకి వస్తుంది. చంటిపిల్ల ఏడుపు, ఎవరిదో దగ్గు, సైకిల్ గంట. రెండు రూపాయలకు కిలో బియ్యం మాట వచ్చినప్పుడు చప్పట్లకంటే ముందు ఆడవాళ్ల గుసగుసలు వినిపిస్తాయి. ఒకావిడ పక్కావిడను 'నిజంగానే ఇత్తాడంటావా?' అని అడుగుతుంది. 1983 జనవరి 5న ఎన్నికలు జరిగాయి, 294 స్థానాల్లో 200కు పైగా ఆ పార్టీకి వచ్చాయి. అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆవిడ అడిగిన ప్రశ్న ఈ క్యాసెట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

బ్యాటరీల విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. సభ గంటల తరబడి ఆలస్యమైంది. నాన్న పని చేస్తుందో లేదో అని మాటిమాటికీ పెట్టి చూసుకోవడంతో బ్యాటరీలు దిగిపోయాయి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. బ్యాటరీ దిగితే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డయినది, మామూలు వేగంతో వింటే పరుగెడుతుంది. అందుకే రెండో వైపు ప్రసంగం చివరికి వచ్చేసరికి అంత గంభీరమైన గొంతు సన్నబడి చిన్నపిల్లాడి గొంతులా అవుతుంది. కంప్యూటర్లో ఆ చివరి ఏడెనిమిది నిమిషాల వేగం కొద్దికొద్దిగా తగ్గిస్తే సరిపోయింది. ప్రసంగం అయ్యాక మిగిలిన రీలులో, ఇంటికొచ్చి కరెంటు మీద పెట్టి, నాయనమ్మ బాబాయితో మాట్లాడింది. కొబ్బరికాయల ధర చెప్పింది, ఓటు ఎవరికి వేస్తుందో చెప్పలేదు.

ఆ క్యాసెట్ ఊళ్లో ఎవరో వెళ్తుంటే వాళ్లతో కువైట్ చేరింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి చొరబడ్డాక, బాబాయి అందరిలాగే బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి దిగాడు. చేతిలో ఒక్క సంచి. అందులో రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు, ఈ క్యాసెట్.

ఎనిమిదేళ్లు ఎక్కువగా చుట్టి ఉంచిన రీలు కదా, ఒక పొర మీది శబ్దం పక్క పొరకు కొంచెం అంటుకుంది. రాబోయే మాట కొంచెం ముందే నీడలా వినిపిస్తుంది. పూర్తిగా ముందుకూ వెనక్కీ రెండు మూడుసార్లు చుట్టాక చాలావరకు తగ్గింది. పాత క్యాసెట్ ఏదైనా సరే, వినే ముందు ఒకసారి ఇలా చుట్టండి. ఒకదానికొకటి అతుక్కున్న పొరలూ విడతాయి. క్యాసెట్ ముందు భాగంలో రీలును హెడ్‌కు, అంటే యంత్రంలో శబ్దాన్ని రీలు మీద రాసే, చదివే భాగానికి, ఆనించే చిన్న ఉన్ని ముక్క ఉంటుంది, దాన్ని కూడా చూడండి. జిగురు ఎండి అది రాలిపోతే శబ్దం దూదిలోంచి వచ్చినట్టుంటుంది, క్యాసెట్ పాడైందని పారేస్తారు. వేరే క్యాసెట్లోది తీసి పెడితే చాలు.

ఓసారి నాకు తొందరెక్కువై ఈ క్యాసెట్‌ను పట్నంలో ఒక దుకాణంలో సీడీ చేయమని ఇచ్చాను. వాళ్లు శుభ్రం చేస్తున్నామనుకుని గరగర అంతా తీసేశారు. గరగరతో పాటు జనం పోయారు. ఆ చంటిపిల్ల లేదు, 'ఇత్తాడంటావా' అన్నావిడ లేదు. ఎన్టీఆర్ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. అప్పుడు నాకు వచ్చిన బాధ ఇంతా అంతా కాదు. అసలు క్యాసెట్ తిరిగి ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

తర్వాత నేనే నేర్చుకున్నాను. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు, వాల్యూమ్ మూడో వంతు, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలు. ఆ మొదటి ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. ఏ సర్దుబాటైనా దాని నకలు మీదే. ఒక స్నేహితుడు ఖరీదైన స్టీరియో డెక్ తెచ్చిస్తే అందులోనూ వేసి చూశాను. ఆశ్చర్యం, మా పాతదాంట్లోనే మాట స్పష్టంగా ఉంది! రికార్డు చేసిన హెడ్ కాస్త వంకరగా ఉంటే రాత కూడా అదే వంకరలో ఉంటుంది. అదే వంకర ఉన్న హెడ్డే దాన్ని సరిగ్గా చదువుతుంది. డెక్ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పితే అందులోనూ బాగుపడుతుంది గానీ, అమ్మానాన్నల క్యాసెట్లు ఉన్నవాళ్లు వాటిని రికార్డు చేసిన యంత్రాన్ని మాత్రం తూకానికి అమ్మకండి.

మరమ్మతుల సంగతి చెప్పాలంటే, బెల్టు మూడుసార్లు మార్చాను. మొదటిది కరిగి తారులా అంటుకుపోయింది, స్పిరిట్‌తో తుడవడానికే ఒక పూట పట్టింది. రీలును లాగే రబ్బరు రోలర్ గట్టిపడితే రీలు నమిలేస్తుంది, కాబట్టి విలువైన క్యాసెట్ వేసే ముందు ఎందుకూ పనికిరాని క్యాసెట్ ఒకటి నడిపి చూస్తాను. మోటారు మాత్రం మొదటిదే.

రెండో క్యాసెట్ సీ-90. 1984 ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన రెండు రోజులకే ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ పదవి నుంచి తీసేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ఆ సాయంత్రం నుంచి నాన్న రేడియో ముందు దీన్ని పెట్టి వార్తల్లో ముఖ్యమైన ముక్కలు మాత్రం పట్టాడు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ప్రమాణం చేసేదాకా. ఎమ్మెల్యేలతో ఢిల్లీ వెళ్లడం, గవర్నర్ మారి శంకర్ దయాళ్ శర్మ రావడం, అన్నీ ఠక్ ఠక్ మని మీట చప్పుళ్ల మధ్య వస్తాయి. ఒక ముక్కకు ముందు పొద్దున్నే వచ్చే ఆకాశవాణి తంబురా, వయొలిన్ స్వరం కూడా పడింది. ఆ స్వరం శ్రుతి అందరికీ తెలిసిందే కాబట్టి, దానితో పోల్చుకునే నేను ఈ యంత్రం వేగం సరిచేసుకున్నాను.

ఆ క్యాసెట్ మొదట్లో నలభై సెకన్లు లేవు. చదువుకునే రోజుల్లో నేను చూసుకోకుండా దాని మీద క్రికెట్ కామెంటరీ రికార్డు చేశాను. పోయినవి మొదటి రోజు వార్తలు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టేపుల్లో చెరిగిపోయిన పద్దెనిమిదిన్నర నిమిషాల గురించి చదివిన ప్రతిసారీ నాకు ఈ నలభై సెకన్లు గుర్తొస్తాయి. క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే రికార్డు మీట కిందకే దిగదు. నాన్నకు ఆ సంగతి తెలుసు, కానీ రీలు చివర ఇంకా కొంచెం ఖాళీ ఉందని విరవలేదు. ఇప్పుడు నేను విరిచాను.

సీ-90 రీలు పల్చన. మా సముద్రపు గాలికి దాని అంచున తెల్లటి బూజు చుక్కలు కనిపిస్తున్నాయి. కొత్త రబ్బరు రోలర్ వచ్చింది, నిన్ననే బిగించాను. వానలు మొదలయ్యేలోపు ఆ ముప్పై రెండు రోజుల వార్తలూ కంప్యూటర్లోకి ఎక్కించేయాలి.