చేతిలో 16, ఎదురుగా 10: అడగాలా, ఆగాలా?

సంక్రాంతి వెళ్లి పది రోజులైనా ఫోనులో అదే ప్రశ్న. కావలి దగ్గర మా ఊళ్లో పిల్లలూ పెద్దలూ మేడ మీద చాప పరిచి, చింతపిక్కలు పందెం కాసి, మూడు రోజులు బ్లాక్‌జాక్ ఆడారు. ఈ పేకాటలో చేతిలోని ముక్కల మొత్తం 21 దాటకుండా, ముక్కలు పంచే డీలర్ మొత్తాన్ని మించాలి. లెక్కల ట్యూషన్లు చెప్పేవాడిని కనుక తగవులన్నీ నా దగ్గరికే వచ్చాయి. మేనల్లుడు హైదరాబాదు చేరి బ్యాగు కూడా విప్పకుండా, "మామయ్యా, 16 వచ్చినప్పుడు ఇంకో ముక్క అడగాలా, ఆగిపోవాలా?" అన్నాడు. ఒంగోలు నుంచి బావమరిది అడిగిందీ అదే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

నా ఉద్దేశంలో ఆ ప్రశ్న సగమే. చేతిలో 16 ఉంది, సరే. డీలర్ ముందున్న రెండు ముక్కల్లో తెరిచి ఉన్నది ఏది? అది చెప్పకుండా అడగాలో ఆగాలో ఎవరూ చెప్పలేరు. మా వైపు రొయ్యల చెరువులు ఉన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇప్పుడే పట్టుబడి చేయాలా, ఇంకో పది రోజులు మేత వేసి రొయ్యను పెద్దది కానివ్వాలా అన్నది తన చెరువు ఒక్కటే చూసి తేల్చుకునే రైతు ఉండడు. పక్క చెరువులో తెల్లమచ్చ రోగం కనబడిందా లేదా అని గట్టు మీద నుంచి తొంగి చూస్తాడు.

మేడ మీద మూడు పద్ధతులు నడిచాయి. మా అక్కది భయం పద్ధతి: 12 వచ్చిందంటే ఇక ముక్క ముట్టదు. 21 దాటి పోతే తన చేతులారా పోయినట్టు, డీలర్ గెలిస్తే అదృష్టం బాగాలేనట్టు. రెండింటిలోనూ పోయేవి అవే చింతపిక్కలు, బాధ మాత్రం మొదటి దానికే ఎక్కువ. ఈ పద్ధతిలో ఎల్లకాలం ఆడితే పెట్టిన ప్రతి వందకూ సుమారు 4 డీలర్ పాలవుతాయి.

బావమరిదిది అనుకరణ పద్ధతి. డీలర్ 16 వరకు అడిగి తీరాలి, 17 వస్తే ఆగి తీరాలి. తానూ అలాగే చేస్తే సరిసమానం కదా అంటాడు. వినడానికి బాగుంటుంది కానీ వందకు 5.5 వరకు పోయేది ఇందులోనే. కారణం చూడండి. ఆ నియమంతో ఆడే ఎవరైనా వందకు 28 సార్లు 21 దాటిపోతారు. ఇద్దరూ దాటే సందర్భాలు వందకు దాదాపు 8. ఆ ఎనిమిదింటిలోనూ ముందు ఆడింది మీరు కనుక మీ పందెం అప్పటికే వెళ్లిపోయింది. డీలర్ తర్వాత దాటినా తిరిగి ఇవ్వడు. మీకు బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలే ఆసూ పదీ) పడినప్పుడు రెండుకు మూడు ఇస్తాడు కనుక అందులో రెండు చిల్లర వెనక్కి వస్తుంది. మిగిలిన అయిదున్నరా అతనివే.

మూడోది పట్టిక పద్ధతి: డీలర్ ముక్కను బట్టి నిర్ణయం. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు కుర్రవాళ్లు బల్ల మీది లెక్కల యంత్రాలతో కూడికలూ గుణకారాలూ చేసి 1956లో దీన్ని ప్రచురించారు. నియమాలు అనుకూలంగా ఉన్న బల్ల మీద నష్టం వందకు అర దగ్గరికి దిగుతుంది. నష్టం మాత్రం నష్టమే, లాభంగా మారదు. అందుకే చింతపిక్కల దగ్గరే ఉండండి అని పిల్లలకు గట్టిగా చెప్పాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

ఇంతకీ డీలర్ ముక్క ఎందుకంత ముఖ్యం? కట్టలో 10, జాకీ, రాణి, రాజు అన్నీ పదులే. 13 రకాల ముక్కల్లో 4 రకాలు పదులన్నమాట. మూసి ఉన్న ముక్క ఏదో తెలియనప్పుడు పది అయి ఉంటుందని ఊహించడమే అన్నిటికన్నా నయం. డీలర్ 6 చూపిస్తున్నాడు అనుకోండి. కింద పది ఉంటే అతనిది 16. ఆగే హక్కు అతనికి లేదు, అడగాల్సిందే. 6 మొదలు రాజు దాకా 13లో 8 రకాలు అతన్ని 21 దాటించి ముంచేవే. అదే 7 చూపిస్తే, కింద పది ఉంటే 17, హాయిగా ఆగిపోతాడు. పక్కపక్క అంకెలే అయినా 6కూ 7కూ మధ్య గోడ ఉంది. 4, 5, 6 చూపించే డీలర్ వందకు 40 సార్లకు అటూ ఇటూగా మునుగుతాడు. 7 చూపిస్తే అది 26కు పడిపోతుంది.

కాబట్టి చేతిలో 13 నుంచి 16 వరకు ఉన్నప్పుడు, ఎదురుగా 2 నుంచి 6 వరకు కనబడితే ఆగండి, మునిగే పని అతనికి వదిలేయండి. 7 నుంచి ఆసు వరకు కనబడితే అడగండి. 12 కాస్త పేచీ ముక్క. దాని మీద మిమ్మల్ని ముంచేవి పదులు మాత్రమే, అంటే 13లో 4. అందుకని ఎదురుగా 2 లేదా 3 ఉన్నా అడగడమే మేలు. 4, 5, 6కు మాత్రం ఆగాలి. అక్క దీన్ని ఇప్పటికీ ఒప్పుకోదు. 17, ఆ పైన ఉంటే ఆగడమే, 11, ఆ లోపు ఉంటే అడగడమే. ఆసును 11గా వేసుకుని 17 అయితే మాత్రం ఆగకండి, దాన్ని 1గా కూడా లెక్కించుకోవచ్చు కనుక ఒక్క ముక్కతో మునిగేది లేదు. రెండు ఎనిమిదులు వస్తే రెండు వేరు చేతులుగా విడదీయండి. డీలర్ ఆసు చూపించి ఇన్సూరెన్స్ (అతనికి బ్లాక్‌జాక్ ఉందని కాసే పక్క పందెం) కావాలా అంటే వద్దనండి.

ఇక అసలు పేచీ, 16కు ఎదురుగా 10. అడిగితే 13లో 8 రకాలు ముంచుతాయి, అంటే వందకు 62 సార్లు అక్కడికక్కడే పోతారు. ఆగితే డీలర్ మునగాలి. అతని దగ్గర బ్లాక్‌జాక్ లేదని తేలాక కూడా అది వందకు 23 సార్లే. రెండు దారుల్లోనూ సగటున వంద చింతపిక్కలకు 54 పోతాయి. తేడా వందకు ఒకటి కూడా లేదు, అడగడం వైపు వెంట్రుకవాసి మొగ్గు మాత్రమే. సగం పందెం వదులుకుని లేచిపోయే వీలున్న బల్ల అయితే, 54 పోగొట్టుకోవడం కన్నా 50 ఇచ్చేసి లేవడం మేలు.

నేనైతే అడుగుతాను. వెంట్రుకవాసి కోసం కాదు, 16 అనగానే ఆగే అలవాటు పడితే 7 ఎదురుగా ఉన్నప్పుడూ చెయ్యి ఆగిపోతుంది. అక్కడ తేడా చిన్నది కాదు: ఆగితే వందకు 48 నష్టం, అడిగితే 41.

ఒక్క మినహాయింపు ఉంది. ఆ 16 మూడు, నాలుగు ముక్కలతో అయి, అందులో 4 గానీ 5 గానీ ఉంటే ఆగండి. మీకు కావలసిన చిన్న ముక్క ఒకటి అప్పటికే మీ చేతిలో ఖర్చయిపోయింది.

కనుమ నాటి సాయంత్రం బావమరిది చేతిలో సరిగ్గా అదే పడింది: 10, 2, 4. డీలర్‌గా కూర్చున్న మేనకోడలి ముందు రాణి. నా వైపు చూశాడు, ఆగమన్నాను. ఆ పిల్ల మూసిన ముక్క తిప్పితే 5, తర్వాత తీసింది 6. మొత్తం 21. "నీ మాట విని పోగొట్టుకున్నాను బావా" అని ఇప్పటికీ సణుగుతున్నాడు. అడిగి ఉంటే ఆ 6 అతని చేతికే వచ్చేది.