నెల్లూరులో ఇటాలియన్ తరగతి: ‘పెరో’ పాఠం మేలు, నోట్సు నాసిరకం

ఇటలీలో పైచదువులకు వెళ్లదలచిన విద్యార్థుల కోసం నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సాయంత్రాలు నడుస్తున్న ఒక చిన్న ఇటాలియన్ తరగతిలో చేరి మొదటి అంచె పూర్తిచేశాను. అవసరానికి పనికొచ్చే నాలుగు వాక్యాలు బట్టీ పట్టించి పంపకుండా, బోధకురాలు చిన్న పదాల పుట్టుక దగ్గర ఆగి ఓపికగా వివరించడమే ఈ తరగతికున్న అసలు విలువ.

ఇటాలియన్‌లో ‘కాని’ అనే అర్థంలో వాడే ‘పెరో’కు మూలం లాటిన్‌లోని ‘పెర్ హోక్’, అంటే ‘ఇందువల్ల’. 14వ శతాబ్దపు ఇటాలియన్ కవి డాంటే కావ్యంలోనూ ‘పెరో’ తరచుగా ‘అందువల్ల’ అనే అర్థంలోనే కనిపిస్తుంది. కారణం చెప్పే మాట అడ్డుచెప్పే మాటగా ఎట్లా మారిందో ఆమె వ్యతిరేక వాక్యాలతో చూపించారు. ‘వాన కురిసింది, అంతమాత్రాన ప్రయాణం ఆగలేదు’ వంటి వాక్యాలలో ‘అంతమాత్రాన’ ఉన్నచోట ‘పెరో’ను పదేపదే వాడటం వల్ల, వాక్యంలోని వైరుధ్యం క్రమంగా ఆ పదానికే అంటుకుని, వ్యతిరేక క్రియ లేనిచోట కూడా నిలిచిపోయింది. ఆమె చెప్పలేదు గాని, మన ‘అయితే’ కూడా ఇట్లాంటిదేనని నాకు తోచింది: ‘అయితే రేపు రండి’ అన్నప్పుడు ముందుమాటను ఒప్పుకుంటుంది, ‘వచ్చాడు, అయితే ఆలస్యంగా వచ్చాడు’ అన్నప్పుడు దానికే అడ్డుపడుతుంది.

‘కాని’ అనే అర్థమే ఉన్న మరో పదం ‘మా’, ‘ఎక్కువగా’ అనే అర్థం గల లాటిన్ ‘మాగిస్’ నుంచి వచ్చిందని కూడా చెప్పారు. తెలుగు ప్రాచ్య ఇటాలియన్ అనే అరిగిపోయిన పొగడ్తను ఒక్కసారీ ఎత్తకపోవడం ఊరటనిచ్చింది.

అచ్చువేసి ఇచ్చిన నోట్సు మాత్రం ఈ బోధనకు తగినట్టు లేదు. ‘పెరో’ రాసేటప్పుడు చివరి అచ్చుపై గుర్తు తప్పనిసరి. అది లేకపోతే ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, మొదటి అక్షరానికి జరిగి, ఆ మాట ‘పేరో’, అంటే బేరిపండ్ల చెట్టు, అవుతుంది. నోట్సులో ఇట్లాంటి గుర్తులన్నీ ఎగిరిపోయాయి. తరగతికి రానివారు దాన్ని నమ్ముకుంటే, ఎన్ని వాక్యాలలో చెట్లు మొలుస్తాయో చెప్పలేము.

రుసుము ఈ ఊరి కోచింగ్ కేంద్రాలతో పోల్చితే ఎక్కువేమీ కాదు. పరీక్ష గడువు దగ్గరపడినవారికి ఈ నెమ్మది నడక విసుగు పుట్టించవచ్చు. వ్యవధి ఉన్నవారు నిశ్చింతగా చేరవచ్చు, అయితే డబ్బు కట్టేముందే నోట్సు దిద్దించారో లేదో అడిగి చూడటం మంచిది.