అందరూ సమానంగా ఉన్న లీగా, ఒకళ్ళే ఏలే లీగా: బేస్‌బాల్‌కి ఏది మేలు?

పాల్ స్కీన్స్‌తో మొదలుపెడతా, ఎందుకంటే నాకు ఈ ప్రశ్న మొత్తం ఆయన దగ్గరే మొదలైంది. 2025లో మా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడిన పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే మామూలు మ్యాచ్ ఒకదానికి, సగటున రెండు రన్స్ కూడా ఇవ్వలేదు, 1.97 అన్నమాట, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో సగమైన నేషనల్ లీగ్‌లో బెస్ట్ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డుకి ఓటేసినవాళ్ళలో ఒక్కరు కూడా తప్పకుండా ఆయన్నే ఫస్ట్ పెట్టారు. అంత గొప్పగా వేసిన మనిషి పేరు పక్కన గెలుపోటములు ఎన్నో తెలుసా, 10 గెలుపులు, 10 ఓటములు. ఆయన రన్స్ ఇవ్వడు, మావాళ్ళు రన్స్ కొట్టరు, అంతే. టీమ్ మొత్తానికి 71 గెలిచి 91 ఓడాం. అదే ఏడాది లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ వరసగా రెండోసారి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు.

మా బావ ఉండేది అటువైపే, అర్వైన్‌లో. సిరీస్ అయిపోయిన రాత్రి ఫోన్ చేసి "ఏం బావా, బేస్‌బాల్ అంటే ఇదీ" అన్నాడు. నేను "మీకు డబ్బుంది కాబట్టి గెలిచారు, అందరికీ సమానంగా ఉంటే చూద్దుం" అన్నా. అప్పట్నించి మా ఇద్దరికీ ఇదే గొడవ, పండక్కి కలిసినా ఇదే. చాలాకాలం నేను సమానత్వం వైపే గట్టిగా నిలబడ్డా కానీ ఆలోచించేకొద్దీ బావ చెప్పేదాంట్లో కూడా సగం నిజముందని ఒప్పుకోవాల్సొచ్చింది.

ముందు ఇండియాలో ఉన్నవాళ్ళకి తేడా అర్థమవ్వాలంటే ఐపీఎల్ గుర్తుచేసుకోండి. అక్కడ వేలంలో అందరికీ ఒకే పర్సు, 2025 సీజన్‌కి అయితే 120 కోట్లు, అంతకుమించి ఎవడూ పెట్టలేడు. అందుకే మన డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున ఎనిమిదో ప్లేస్‌లో ఉండి 2009లో కప్పు కొట్టగలిగారు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి పర్సు లేదు, శాలరీ క్యాప్ లేదు, అంటే జీతాలకి పై హద్దు లేదు. జీతాల మొత్తం ఒక గీత దాటితే లగ్జరీ టాక్స్ అని లీగ్‌కి అదనంగా కట్టాలి, అంతే, కట్టగలిగినవాడు కడతాడు. పైగా ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోలాగా టీవీ డబ్బు మొత్తం ఒకచోట వేసి సమానంగా పంచుకోరు, ఇక్కడ చాలా మ్యాచ్‌లు లోకల్ ఛానెళ్ళకి ఎవరికి వాళ్ళు అమ్ముకుంటారు. డాడ్జర్స్ 2013లో కుదుర్చుకున్న లోకల్ టీవీ ఒప్పందం 25 ఏళ్ళకి 835 కోట్ల డాలర్లు. లాస్ ఏంజెలస్ అంత ఊరు, పిట్స్‌బర్గ్ ఇంత ఊరు, మాకు అంత ఎవడిస్తాడు? లోకల్ ఆదాయంలో దాదాపు సగం అందరూ పంచుకుంటారన్న రూల్ ఉంది నిజమే, మిగతా సగంలోనే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా వచ్చేస్తది. డాడ్జర్స్ స్టార్ షోహే ఒటానీకి 10 ఏళ్ళకి 70 కోట్ల డాలర్లు, అందులో 68 కోట్లు తర్వాతెప్పుడో 2034 నుంచి ఇచ్చేలాగా, అలాంటి ఒప్పందం మా ఊరి టీమ్ చేస్తుందని కలలో కూడా అనుకోం.

ఇప్పుడు బావ వైపు వాదన. 2023 వరల్డ్ సిరీస్ టెక్సాస్ రేంజర్స్‌కీ ఆరిజోనాకీ జరిగింది. ఆరిజోనా రెగ్యులర్ సీజన్‌లో గెలిచింది 84 మ్యాచ్‌లే, అంటే సమానత్వం కావాలనేవాళ్ళకి పండగే కదా, చిన్న టీమ్ ఫైనల్‌కొచ్చింది. కానీ టీవీలో చూసినవాళ్ళ సగటు అప్పటిదాకా ఏ వరల్డ్ సిరీస్‌కీ లేనంత తక్కువ. ఏడాది తిరిగేసరికి డాడ్జర్స్, న్యూయార్క్ యాంకీస్ తలపడితే అమెరికాలోనే సగటున కోటిన్నర మందికి పైగా చూశారు. ఇక 2025 సంగతి చెప్పక్కర్లేదు. అక్టోబర్ 17న మిల్వాకీ మీద ఒటానీ ఒకే మ్యాచ్‌లో పిచ్చర్‌గా 10 మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేసి, బ్యాట్ పట్టుకుని మూడు హోమ్ రన్స్, మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు. ఫైనల్లో టొరొంటోతో మూడో గేమ్ 18 ఇన్నింగ్స్ నడిచింది, ఏడో గేమ్ 11 ఇన్నింగ్స్, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు అవుట్లైతే ఓడిపోతారనగా మిగెల్ రోహాస్ హోమ్ రన్‌తో స్కోరు సమం చేశాడు, ముందురోజు రాత్రే 96 బంతులు వేసిన యమమోటో మళ్ళీ వచ్చి చివరిదాకా వేసి గెలిపించాడు. డాడ్జర్స్ అంటే పడని నేను కూడా ఆ రాత్రి సోఫా అంచున కూర్చుని చూశా. ఎందుకు చూశానంటే వాళ్ళు ఓడిపోతారేమో అని. బావ చెప్పేది సరిగ్గా ఇదే, "నువ్వు మమ్మల్ని తిట్టుకుంటూనే చూశావుగా, మా చోట ఇంకో టీమ్ ఏదైనా ఉంటే నిద్రపోయేవాడివి" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. జపాన్‌లో యొమియురి జయింట్స్ 1965 నుంచి 1973 దాకా వరసగా తొమ్మిదేళ్ళు గెలిచారు, ఆ టీమ్‌లోని సదహారు ఓ, నగషిమ పేర్లు ఇప్పటికీ అక్కడ దేవుళ్ళ పేర్లలాగా పలుకుతారు. ఒకళ్ళే ఏలడం వల్ల ఆటకి ఒక కథ దొరుకుద్ది, దాన్ని కాదనలేం.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఏలే టీమ్ అంటే డబ్బుతో కొన్న టీమే అనుకోవడం తప్పు. 1998లో యాంకీస్ రెగ్యులర్ సీజన్‌లో 114, ప్లేఆఫ్స్‌లో 11 గెలిచి మొత్తం 125 చేశారు. అందులో జీటర్, రివేరా, పోసాడా, పెట్టిట్, బెర్నీ విలియమ్స్ అందరూ యాంకీస్ సొంత కిందిస్థాయి టీమ్‌ల్లో పెరిగిన పిల్లలే.

అయితే ఏలుబడి ముదిరితే ఏమవుద్దో కూడా ఈ ఆట ఒకప్పుడు చూసింది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ ఓనర్లు సెయింట్ లూయిస్ టీమ్‌ని కూడా కొనేసి, ఇప్పటి అవార్డుకి పేరైన ఆ సై యంగ్‌తో సహా మంచి ఆటగాళ్ళందర్నీ అటు పంపేశారు. క్లీవ్‌లాండ్ 20 గెలిచి 134 ఓడింది, సీజన్ అయ్యాక ఆ టీమే లేకుండా పోయింది. 1949 నుంచి 1953 దాకా యాంకీస్ వరసగా ఐదు టైటిల్స్ కొట్టారు, మరి జనం విరగబడి రావాలి కదా, రాలేదు! 1940ల చివర్లో ఏటా 20 లక్షలు దాటిన వాళ్ళ స్టేడియం జనం 1953కి 15 లక్షల చిల్లరకి పడిపోయింది. ఇళ్ళల్లోకి టీవీ రావడం కూడా ఒక కారణమే, కానీ ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటకి టికెట్ కొనుక్కుని ఎవడెళ్తాడు? ఆ తర్వాత కాన్సాస్ సిటీ టీమ్ తన మంచి ఆటగాళ్ళని ఒక్కొక్కళ్ళనీ యాంకీస్‌కే ఇచ్చేస్తూ ఉండేది, రోజర్ మారిస్ కూడా 1959 డిసెంబర్‌లో అలా వెళ్ళినవాడే, 1961లో 61 హోమ్ రన్స్ కొట్టి రికార్డు రాశాడు. కాన్సాస్ సిటీలో ఆ టీమ్ కోసం పెరిగిన పిల్లాడి కడుపుమంట ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు.

మరి సమానత్వం సంగతి? 2001 నుంచి 2023 దాకా ఒక్క టీమ్ కూడా వరసగా రెండుసార్లు గెలవలేదు, 23 ఏళ్ళలో 16 వేర్వేరు టీమ్‌లు వరల్డ్ సిరీస్ కొట్టాయి. పేపర్ మీద చూస్తే ఇంతకన్నా సమానత్వం ఏం కావాలి? కానీ నేను బావకి చెప్పేదీ, ఈ మొత్తంలో నాకు అసలు ముఖ్యమనిపించేదీ ఇదే. టైటిల్స్ పంచడం వేరు, ఆశ పంచడం వేరు. బేస్‌బాల్ స్వభావమే అంత, ఎంత గొప్ప టీమ్ అయినా 162 మ్యాచ్‌ల్లో 45, 50 ఓడాల్సిందే, 2025 డాడ్జర్స్ కూడా 69 ఓడారు. 2001లో సియాటిల్ మారినర్స్ 116 గెలిచి కూడా యాంకీస్ చేతిలో ఓడి వరల్డ్ సిరీస్‌కే చేరలేదు, ఇప్పటికీ ఒక్కసారి కూడా చేరలేదు, 2025లో ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయారు. అంటే ఐదారు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో బంతి ఎటు ఎగురుద్దో ఎవడూ చెప్పలేడు, టైటిల్స్ చేతులు మారడానికి క్యాప్ అక్కర్లేదు, ఆ పని ఆటే చేసుకుంటది. ఆ 16 టీమ్‌ల లిస్టులో మాది లేదు. మేం ఆఖరిసారి గెలిచింది 1979లో. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ, లీగ్‌లో సమానత్వం ఉందని అందరూ మురిసిపోయిన రోజుల్లోనే ఇదంతా.

నేను ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చింది ఆ 20 ఏళ్ళ చివర్లో. అప్పట్లో పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికెళ్ళి పులిహోర తిని, అట్నించి అటే చవక టికెట్‌తో మ్యాచ్‌కెళ్ళేవాళ్ళం, ఎవరూ గెలుస్తామని వెళ్ళేవాళ్ళు కాదు, నది ఒడ్డున కూర్చోడానికి బాగుంటదని వెళ్ళేవాళ్ళు. 2013 అక్టోబర్ 1 రాత్రి మాత్రం ఊరంతా నల్ల బట్టలేసుకుని వచ్చింది. సిన్సినాటి పిచ్చర్ క్వేటో పేరుని స్టేడియం మొత్తం సాగదీసి అరుస్తుంటే ఆయన చేతిలోంచి బంతి జారి కింద పడింది, ఆ తర్వాతి బంతికే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. నా పక్కనున్న పెద్దాయన ఏడ్చేశాడు, నాకు ఆయనెవరో కూడా తెలీదు, వాటేసుకున్నాం. అది ఫైనల్ కాదు, ప్లేఆఫ్స్ మొదట్లో గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి అనే ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ మ్యాచ్. ఆ ఊరికి కావాల్సింది అంతే, కప్పు కాదు, సెప్టెంబర్ దాటాక కూడా ఆడే టీమ్.

అందుకే ఏది మేలు అంటే, పైన డాడ్జర్స్ ఉండనీ అంటా నేను, వాళ్ళని కిందకి లాగడం కన్నా కింద ఉన్నవాళ్ళు ఊరికే కూర్చోకుండా చెయ్యడం ముఖ్యం. ఆటకి నష్టం చేసేది 93 గెలిచిన డాడ్జర్స్ కాదు, 2024లో 121 ఓడిన వైట్ సాక్స్ లాంటి సీజన్. హ్యూస్టన్ 2011 నుంచి మూడేళ్ళు వరసగా వందకి పైగా ఓడి, డ్రాఫ్ట్‌లో, అంటే ఎక్కువ ఓడినవాళ్ళు ముందుగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ముందు నంబర్లు తెచ్చుకుని 2017లో గెలిచాక ఓడిపోవడం కూడా ఒక ప్లాన్ అని మిగతావాళ్ళు నేర్చుకున్నారు. దాన్ని ఆపడానికే డ్రాఫ్ట్‌కి లాటరీ పెట్టారు, ఆ మొదటి లాటరీలో నంబర్ వన్ మాకే తగిలింది, అలా వచ్చినవాడే స్కీన్స్. అంటే సమానత్వం కోసం పెట్టిన రూల్ మాకు లీగ్‌లోనే గొప్ప పిచ్చర్ని ఇచ్చింది, కానీ అతని వెనక బ్యాట్ పట్టుకునేవాళ్ళ మీద డబ్బు పెట్టమని ఏ రూలూ గట్టిగా చెప్పదు.

ఓనర్లకీ ఆటగాళ్ళ యూనియన్‌కీ మధ్య ఉన్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1, శాలరీ క్యాప్ గొడవ గట్టిగానే ఉంటది. 1994లో ఇదే క్యాప్ గొడవతో సమ్మె జరిగి వరల్డ్ సిరీసే రద్దయింది, అప్పుడు 74 గెలిచి 40 మాత్రమే ఓడి టాప్‌లో ఉన్న మాంట్రియల్ ఎక్స్‌పోస్ మళ్ళీ కోలుకోలేదు, 2005కి ఆ టీమ్ వాషింగ్టన్‌కి పోయింది. ఒక్క క్యాప్ మాత్రమే పెడితే మిగిలేది ఓనర్ల జేబులోకే, ఆటగాళ్ళ యూనియన్ దానికి ఎందుకు ఒప్పుకుంటది చెప్పండి. ప్రతి టీమ్ కనీసం ఇంత ఖర్చు పెట్టాల్సిందే అని కింద ఒక గీత గియ్యండి, పంచుకున్న డబ్బు ఆటగాళ్ళ మీదే పెట్టాలని గట్టిగా రాయండి, ఆ తర్వాత పైన గీత సంగతి మాట్లాడుకుందాం.

స్కీన్స్ 2029 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్ అవుతాడు, అంటే నచ్చిన టీమ్‌కి పోవచ్చు. బావ ఇప్పట్నించే "మాకే వస్తాడు చూడు" అంటున్నాడు. "వస్తే రానీ బావా, ఈలోపు ఒక్క అక్టోబర్ మాకు ఇచ్చి వస్తే చాలు" అన్నా. ఆ మాటకి మాత్రం ఎదురు చెప్పలేదు, "ఇస్తే నేనే ఫ్లైట్ ఎక్కి వస్తా, నల్ల టీషర్ట్ ఒకటి కొని ఉంచు" అన్నాడు.