పచ్చ గుర్తు మీద నాకున్న కోపం

నాలుగేళ్ల కిందట ఈ గాలి నిండే లైఫ్ జాకెట్ కొన్నప్పుడు కనబడిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను: "జాకెట్ మీది ఆ చిన్న కిటికీలో పచ్చ రంగు ఉంటే చాలు, ఇంక టెన్షన్ లేదు." ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆదివారాలు భవానీపురం వైపు నుంచి స్నేహితుడి పడవలో గాలం వేయడానికి వెళ్తుంటాం. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడ్డాక, జాకెట్ లేకుండా కృష్ణలోకి దిగొద్దని మా ఆవిడ తెగేసి చెప్పింది. బెజవాడ ఎండలో ఫోమ్ జాకెట్ అంటే రగ్గు కప్పుకుని పొయ్యి ముందు కూర్చోవడమే. ఇదైతే మెడలో కండువాలా పడి ఉంటుంది. ఆ విషయంలో ఇప్పటికీ వంక పెట్టను.

పోయినేడు ఆగస్టులో ఒక రాత్రి బీరువాలో 'ఢబ్' మని చప్పుడు. తలుపు తీస్తే బట్టల మధ్య జాకెట్ ఉబ్బిపోయి ఉంది. ఇందులో ఒక బిళ్ల ఉంటుంది. తడి తగిలితే అది కరుగుతుంది, దాని వెనక బిగబట్టి ఉన్న స్ప్రింగ్ వదిలేస్తుంది, సూది వెళ్లి చిన్న గ్యాస్ సిలిండర్ మూతిని పొడుస్తుంది, ఆ గ్యాసుతో జాకెట్ ఉబ్బుతుంది. కృష్ణ నీళ్లా, బీరువాలో చెమ్మా అన్న తేడా ఆ బిళ్లకేం తెలుసు? వానలో తడిసినదాన్ని ఆరబెట్టకుండా లోపల పడేసింది నేనే.

కొత్త సిలిండర్, బిళ్ల తెప్పించాను. గ్యాస్ సిలిండర్ కాబట్టి విమానంలో పంపరట, రోడ్డు మీద రావడానికి పన్నెండు రోజులు పట్టింది. వచ్చిన రాత్రే కరెంటు పోయింది. ఆగొచ్చు కదా, ఆగలేదు. ఫోన్ వెలుగులో బిళ్ల మార్చాను, సిలిండర్ బిగించాను, కిటికీలో పచ్చ కనబడింది, మడిచి పెట్టేశాను.

ఎనిమిది నెలలు అలాగే తొడుక్కుని తిరిగాను.

మే మొదట్లో ఆవకాయకి ఆవపిండి తూయడానికి మా ఆవిడ కాటా బయటికి తీసింది. సిలిండర్‌ని అప్పుడప్పుడు తూచి చూడాలని జాకెట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నట్టు లీలగా గుర్తొచ్చింది. మర తిప్పి బయటికి తీశాను. దాని మీద 147 గ్రాములని కొట్టి ఉంది. కాటా 114 చూపించింది. ముందు కాటానే అనుమానించాను. ఉప్పు ప్యాకెట్ పెడితే సరిగ్గానే చూపించింది. తేడా 33 గ్రాములు, అంటే లోపల ఉండాల్సిన గ్యాసు మొత్తం. మూతి వెలుతురుకి పెట్టి చూస్తే సూది పొడిచిన కన్నం. కొత్తది స్క్రూడ్రైవర్ల సొరుగులో కన్నం లేకుండా మెరుస్తూ దొరికింది. చీకట్లో ఖాళీదాన్నే మళ్లీ బిగించానన్నమాట.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నా మోడల్లో ఆ పచ్చ రంగు బిళ్ల బాగుందని, సూది కదల్లేదని మాత్రమే చెబుతుంది. సిలిండర్లో ఏముందో దానికి తెలియదు. అలాంటప్పుడు అంత ధీమాగా పచ్చగా కనబడటం దేనికి? నోటితో ఊదే గొట్టం ఉంది కదా అని స్నేహితుడు అన్నాడు. నీళ్లు మింగుతూ ఊదగలవాడికి జాకెట్ ఎందుకు? ఆ ఎనిమిది నెలల్లో ఒకసారి ఒంటరిగా కూడా వెళ్లాను. ఆ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నెలకోసారి తూస్తున్నాను. రాసి ఉన్నదానికి రెండు గ్రాములు మించి తగ్గితే మార్చేయడమే. తిరిగి బిగించేది చేత్తోనే, పట్టకారుతో కాదు. ఏడాదికోసారి చేతి పంపుతో గాలి నింపి ఒక రోజంతా హాల్లో వదిలేస్తాను. నోటితో ఊదితే లోపల తడి చేరుతుంది. బిళ్ల మీది తేదీ ఒకటి చూసుకోవాలి. వాడేసిన సిలిండర్‌ని విప్పిన నిమిషంలోనే పాత ఇనుము సంచిలో వేస్తున్నాను.

కొనమంటారా అంటే, నాకు ఈత వచ్చు, బ్యారేజీ ఎగువన నిలకడ నీళ్లలో తిరుగుతాను, ఇలా విప్పి బిగించడం సరదా కూడా. కాబట్టి నాకు సరిపోయింది. మా పదేళ్ల వాడికి మాత్రం ఫోమ్‌దే కొన్నాను, ఉక్కపోసినా సరే.

తూచే ముందు కాటా తుడుచుకోండి. ఆవపిండి అంటి ఉంటే ఒక గ్రాము ఎక్కువే చూపిస్తుంది.